చుక్క దిగని కుట్టు

ఆదోని పత్తి మార్కెట్ గేటుకు ఎదురుగా వరసగా మూడు కొట్లు. మొదటిది తిమ్మక్క టీ కొట్టు, నడిమిది నా ఎరువులు, పురుగుమందులు, విత్తనాల షాపు, చివరిది ఉస్మాన్ సాబ్ రేకుల షెడ్డు. ఇరవై రెండేళ్లుగా నేను ఆ నడిమిలో కూర్చున్నాను. ఒక చెవిలో తిమ్మక్క మాట, ఇంకో చెవిలో ఉస్మాన్ సాబ్ కుట్టుమిషను. రెంటిలో ముందు ఆగేది మిషనే. దానికి అప్పుడప్పుడూ నూనె వేయాలి.

ఉస్మాన్ సాబ్ కుట్టేది బట్టలు కాదు, పట్టలు. లారీల మీదా, పత్తి బోరాల మీదా, కళ్లాల్లో కుప్పల మీదా కప్పే మందపాటి టార్పాలిన్ పట్టలు. అరవై ఏడేళ్ల మనిషి. ఎండిన చింతబరికెలా ఉంటాడు, గోరింటాకు పెట్టిన గడ్డం, మైనం దారంతో కట్టిన కళ్లజోడు. ఆయన చొక్కా గుండీలు కూడా మైనం దారంతోనే కుట్టుకుంటాడు. చొక్కా చిరిగిపోతుంది గానీ గుండీ ఊడదు. చిరిగిన చొక్కాలోంచి గుండీ కోసి ఇంకో చొక్కాకు వేసుకుంటాడు. నాకు తెలిసి ఆ ఐదు గుండీలు ఏడెనిమిది చొక్కాలను చూశాయి.

ఆయన దగ్గర ఒక పరీక్ష ఉంది. పట్ట కుట్టడం అయిపోగానే నాలుగు మూలలూ షెడ్డు ముందున్న నాలుగు గుంజలకు కట్టి, తొట్టిలా వేలాడేసి, ఎనిమిది బిందెల నీళ్లు పోస్తాడు. కింద దినపత్రిక పరుస్తాడు. గంట ఆగుతాడు. ఆ గంటసేపూ కొన్నవాడు ఎంత తొందరపడినా కదలనివ్వడు. తర్వాత పత్రిక తీసి వాడి చేతికిచ్చి, “సదువుకో. అచ్చరం సెదిరిందేమో సూడు” అంటాడు. చదువురాని వాళ్లు దాన్ని తెచ్చి నాకిస్తారు. అట్లా ఆదోనిలో పాత వార్తలు అందరికన్నా ఎక్కువ తెలిసినవాణ్ణి నేను. అక్షరం చెదరడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంత పనితనం ఉన్న మనిషికి నోరు కూడా ఉంటుంది. ఉంటే ఉండనీ, ఆ నోటిని కూడా మైనం పెట్టి కుట్టుకోవాల్సింది. కుట్టుకోలేదు కాబట్టే ఆరేళ్ల కిందట హుసేనప్పను పోగొట్టుకున్నాడు.

హుసేనప్ప ఎమ్మిగనూరు అవతల ఒక పల్లెలో రైతు. పీర్ల పండగ నాడు పుట్టాడని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. ఆ పేరు చెప్పుకుని ఉస్మాన్ సాబ్ అతణ్ణి సగం చుట్టం అనేవాడు. వేరుశనగను మావైపు బుడ్డలంటాం. ఏటా బుడ్డలు పెరికిన మొదటి వారంలో హుసేనప్ప ఒక సంచి పచ్చి బుడ్డలు తెచ్చి షెడ్డులో దించేవాడు. ఉస్మాన్ సాబ్ భార్య అక్బర్‌బీ ఉప్పేసి ఉడకబెట్టి పంపేది. మూడు కొట్ల వాళ్లమూ బేరాలు మానేసి తినేవాళ్లం.

ఆ ఏడు హుసేనప్ప కొత్త పట్ట కుట్టించుకున్నాడు. బుడ్డల కుప్ప మీద కప్పి, చుట్టూ అంచులు మట్టితో పూడ్చి, నాలుగు రోజులుంచాడు. మధ్యలో ఒక జల్లు పడింది. ఐదో రోజు పట్ట ఎత్తితే లోపలి వైపంతా నీళ్లు, పై బుడ్డలకు బూజు. పంట సగం పోయింది. అతను పట్టను భుజానేసుకుని బస్సెక్కి వచ్చి, మార్కెట్ జనమంతా ఉన్న పొద్దున షెడ్డు ముందర పడేశాడు.

“సాబూ, నీ పట్ట కారింది.”

ఉస్మాన్ సాబ్‌ను ఏమన్నా అనొచ్చు. పిసినారి అనొచ్చు, చెవిటివాడు అనొచ్చు, తిమ్మక్క రోజూ రెండూ అంటుంది. ఈ ఒక్క మాట అనకూడదు. ఆయన లేచి పట్టను గుంజలకు కట్టాడు. ఎనిమిది కాదు, పన్నెండు బిందెలు పోశాడు. కింద పత్రిక. గంట తర్వాత ఆ పత్రిక నా చేతికొచ్చింది. “అక్షరం సెదరలేదు హుసేనప్పా” అని నేనే చెప్పాను.

“ఇంగ సెప్పప్పా, యాడ కారింది?” అన్నాడు ఉస్మాన్ సాబ్.

“మరి నా బుడ్డల మీద నీళ్లు యాడనుంచి వచ్చినాయి సాబూ?”

“నువ్వే తడి బుడ్డలు కప్పినావు. కప్పి నా కుట్టు మీద పెడతాండావు. అబద్ధం సెప్పేవాడు హుసేనప్ప అని పేరు పెట్టుకోగూడదు.”

హుసేనప్ప పట్ట అక్కడే వదిలేసి నడిచిపోయాడు. వెనక నుంచి ఉస్మాన్ సాబ్ అందరికీ వినబడేలా అన్నాడు: “నా కుట్టు కింద ఒక్క సుక్క దిగిందని ఎవరన్నా సూపియ్యండి. ఆ పొద్దే సూది కింద పెడతా.”

అప్పట్నుంచి ఆ పట్ట చుట్టగా షెడ్డు దూలం మీదే ఉంది. అమ్మడు, వాడడు, దాని సంగతి ఎత్తనివ్వడు. మాకు ఉడికిన బుడ్డలు పోయాయి. నాకు ఇద్దరి మీదా కోపమే, కానీ బుడ్డలు తెచ్చేవాడి మీద కొంచెం తక్కువ.

మొన్న కార్తీక మాసంలో హర్షిత వచ్చింది. పత్తి వ్యాపారి సత్యనారాయణ కూతురు. వారంలో ఐదు రోజులు ఇంట్లోనే కంప్యూటర్ ముందు ఉద్యోగం, మిగతా రెండు రోజులు కొండలెక్కడం. వాళ్లమ్మ కన్యకమ్మ గులాబీ మొక్కలకు ఎరువు కొనడానికి వచ్చినప్పుడల్లా, ఇంట్లో నాలుగు మంచాలుండగా ఈ పిల్లకు రాళ్ల మీద నిద్రేమిటని నన్ను అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా షాపులో మందు లేదు.

హర్షిత సంచిలోంచి సొరకాయంత మూట తీసి ఉస్మాన్ సాబ్ బల్ల మీద పెట్టింది. గుడారమట. ఆయన నమ్మక, దాన్ని నా షాపులో కాటా మీద పెట్టి తూచాడు. కిలోంబావు.

“నా కత్తెరే దీనికన్నా బరువుండాది” అన్నాడు. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, “ఇది గుడ్డనా, ఉల్లిపొరనా?” అన్నాడు.

“వీపున మోసుకుపోయేది తాతా, తేలిగ్గా ఉండాల కదా. కోట కొండ మీద చెరువు పక్కన పడుకున్నా. తెల్లారి లేస్తే లోపలంతా తడి. వాన లేదు, ఏం లేదు. కుట్లలో యాడన్నా కారుతాందేమో చూడు. ఇదిగో, దీంతో ఒక కాగితం కూడా వచ్చింది. దాంట్లో ఏమో రాసినారు, చదివి చూడండి.”

ఉస్మాన్ సాబ్ కాగితం అందుకుని పక్కన పెట్టాడు. గుడారం నిలబెట్టాడు. సన్నటి రెండు కడ్డీలు వంచి గుచ్చితే బోర్లించిన పడవలా నిలబడింది. కుట్టు కుట్టుకూ మైనం రుద్దాడు. రుద్దుతూ రుద్దుతూ పైన రెండు చివర్లా ఉన్న వలగుడ్డ కిటికీల దగ్గర ఆగిపోయాడు.

“ఇంత సేపూ యాడ కారుతాందా అని ఎతుకుతాండా. ఇదో, కన్నాలు వాళ్లే పెట్టి అమ్మినారు.”

ఆ రెండు కిటికీలకూ గొడుగు గుడ్డ ముక్కలు కోసి అతికి, దగ్గర దగ్గర కుట్లతో మూసేశాడు. తర్వాత పరీక్ష. పైన బిందెతో నీళ్లు గుమ్మరించాడు. కింద పరవడానికి ఆ పూట పత్రిక లేదు, తిమ్మక్క బజ్జీలకు వాడేసింది. దాంతో గుడారంతో వచ్చిన కాగితాన్నే లోపల పరిచాడు. గంట తర్వాత తీసి నాకిచ్చాడు.

“సదువుకో గోవిందన్నా.”

చూశాను. అక్షరాలు చెదరలేదు. అంతే చూశాను. ఆ అక్షరాలు ఏం చెప్తున్నాయో కూడా చూసి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. కానీ నేను మందులమ్మేవాణ్ణి. డబ్బాతో వచ్చే కాగితం చదివిన రైతును నేను చూడలేదు, చదివిన వ్యాపారిని అసలే చూడలేదు. మడిచి గల్లాపెట్టె కింద దోపాను.

హర్షిత నాన్న ముందరే ఉస్మాన్ సాబ్ గుడారం అప్పగించాడు. “ఇంగ ఇది వాళ్ల కుట్టు కాదమ్మా, నాది. సుక్క దిగితే సూది కింద పెడతా.”

ఆదివారం పొద్దున తిమ్మక్క కొట్టు ముందర స్కూటీ ఆగింది. హర్షిత జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది.

“తాతా, ముందుకన్నా ఎక్కువ కారింది. మొహం మీదనే పడింది.”

ఉస్మాన్ సాబ్ చేతిలో టీ గ్లాసు ఆగింది. తిమ్మక్క నవ్వింది. తిమ్మక్క నవ్విందంటే మధ్యాహ్నానికి ఆ సంగతి మార్కెట్ దాటి రైల్వే గేటు దాకా పోతుందని అర్థం. సోమవారం పత్తి బోరాలు దించే హమాలీలు ఒకడి తర్వాత ఒకడు షెడ్డులోకి తొంగిచూసి, “సాబూ, సూది పైననే ఉండాదా?” అని అడిగి పోయారు. నలభై ఐదేళ్లు ఎవరి మీదా ఆధారపడకుండా ఆయనను నిలబెట్టింది ఆ సూదే. ఆయన పైకి నవ్వాడు గానీ నాకు తెలుసు, ఆ పూట మిషను కింద గుడ్డ లేకుండానే తొక్కుతున్నాడు.

“నా కళ్లతో నేను సూడాల” అన్నాడు సాయంత్రం. “నేనే పడుకుంటా దాంట్లో. మూడు రాత్రులు. సుక్క పడితే మాట తప్పను.”

వాళ్ల ఇంటి మిద్దె మీద గుడారం వేశాడు. మొదటి రాత్రి గడిచింది. తెల్లారి ఆయన కళ్లు తెరిచేసరికి గుడారం లోపల గోడలన్నీ చెమటలు పోసినట్టున్నాయి. మోచెయ్యి తగిలితే ధార కట్టింది. దుప్పటి పిండితే నీళ్లొచ్చాయి. ఆయన బయటికొచ్చి కుట్లన్నీ వేళ్లతో తడిమాడు. ఒక్కటీ వదులు కాలేదు. ఇది కుట్లలోంచి వచ్చింది కాదు, అంచుల కింద నుంచి మంచు దూరిందని తేల్చాడు. రెండో రాత్రి గుడారం చుట్టూ ఇసుక సంచులు పేర్చి, గాలి చొరబడకుండా చేసి, జిప్పు పైదాకా లాగి పడుకున్నాడు. ఆ తెల్లవారి దుప్పటే కాదు, బొంత కూడా తడిసింది.

ఆ బొంత దగ్గరే ఆయన పరువు అసలు గండంలో పడింది. కోడలు షాహిస్తా రెండు రోజులూ పొద్దున్నే దుప్పటీ, బొంతా మిద్దె పిట్టగోడ మీద ఆరేసింది. ఆ పిట్టగోడ రోడ్డు మీదికి కనబడుతుంది. అరవై ఏడేళ్ల మనిషి పక్కబట్టలు రోజూ తెల్లారి తడిసి ఆరుతుంటే చూసేవాళ్లకు గుడారం గుర్తుకు రాదు.

“సాబ్‌కు వయసైంది పాపం” అనే మాట మొదట అన్నది నేను కాదు. రెండోసారి అన్నది నేనే, అదీ ఇద్దరితోనే. మూడో పూటకు ధాన్యం షాపుల వాళ్లు కూడా జాలిగా చూడటం మొదలుపెట్టారు. ఒకాయన, తన మామకు కూడా ఇదే బాధ ఉంటే ఫలానా కషాయంతో నయమైందని చీటీ రాసిచ్చాడు. ఉస్మాన్ సాబ్ ఆ చీటీ మూడుసార్లు చదివి, అర్థమయ్యాక, మడిచి మిషను కింద వేసి తొక్కాడు. మూడో రాత్రికి పక్క సర్దుతూ షాహిస్తా మామగారి బొంత కింద, మనవడికి అవసరం తీరిపోయిన రబ్బరు షీటు పరిచింది. ఆయన పడుకోబోతూ దాన్ని చూశాడు.

ఆ రాత్రి ఆయన గుడారంలో పడుకోలేదు. కిందికి దిగివచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడట. గుడారం మిద్దె మీద ఖాళీగా ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే నాకు కబురొచ్చింది. పోయి చూస్తే మిద్దె మీద ఆయన గుడారంలో తల దూర్చి ఉన్నాడు. బయట గుడ్డ మీద మంచు ముత్యాల్లా నిలిచి ఉంది. లోపల పొడి.

“సూడు గోవిందన్నా, సుక్క లేదు. కారలేదు. నా కుట్టు నిలబడింది.”

“నువ్వు పడుకోలేదు గాబట్టి కారలేదు” అంది వెనక నుంచి అక్బర్‌బీ. ఆమె ఎమ్మిగనూరు పిల్ల, వాళ్ల నాన్న మగ్గం నేసేవాడు. మాట తక్కువ. భర్త వాటా కూడా కలిపి ఆదా చేస్తుంది.

“నేను పడుకుంటే దానికేమి?”

ఆమె కిందికి పోయి, అప్పుడే దించిన అన్నం గిన్నె పట్టుకొచ్చింది. పిట్టగోడ మీద పెట్టి మూత తీసి తలకిందులు చేసి చూపించింది. మూత లోపల నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

“ఈ నీళ్లు యాడనుంచి వచ్చినాయి? మూతకు సిల్లి ఉండాదా?”

“అది అన్నం ఆవిరి.”

“ఆ, ఆవిరే. మా నాయన మగ్గం ఇంట్లో సలికి తలుపులేసి నలుగురు పడుకుంటే తెల్లారి రేకులకు నీళ్లు యాలాడతాండె. అవి మా ఊపిర్లే.”

“అంటే నేను అన్నమా?”

“అన్నం ఒక గంటలో సల్లారతాది. నువ్వు నిద్రలో గూడా నోరు మూయవు.”

నేను నవ్వాపుకోవడానికి వెనక్కి తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది కాగితం. షాపుకు పోయి గల్లాపెట్టె కింద నుంచి తీసి, మొదటిసారి చదివాను. మనిషి రాత్రంతా వదిలే ఊపిరిలో గ్లాసుడు నీళ్లు ఉంటాయనీ, చలికి చల్లబడిన గుడ్డకు ఆ ఆవిరి తగిలి నీరవుతుందనీ, అది కారడం కాదనీ, పై కిటికీలు ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదనీ, నీటి పక్కన పల్లంలో గుడారం వేయకూడదనీ ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో ఉంది. ‘మూయకూడదు’ కింద గీత కూడా గీశారు. తిరిగొచ్చి మిద్దె మీద నిలబడి తెలుగులో చెప్పాను. చెప్తూ చెప్తూ, ఈ కాగితం వారం రోజులు నా దగ్గరే ఉందన్న సంగతి మటుకు మింగేశాను.

సూది నిలబడింది. సంతోషించాల్సిన మనిషి పిట్టగోడ మీద కూలబడ్డాడు. అక్బర్‌బీ చేతిలోని మూత కేసే చూస్తున్నాడు.

“గోవిందన్నా, నువ్వు ఇత్తనాలమ్ముతావు. పచ్చి బుడ్డలకు ఊపిరి ఉంటాదా?”

నాకు అప్పుడు అర్థమైంది. అడుగుతున్నది హుసేనప్ప కుప్ప గురించి.

“ఉంటాది సాబ్. ఇత్తనం గదా. ప్రాణముంటాది.”

“సుట్టూ మట్టి పూడ్సినాడు. గాలి పోయే సందు లేదు. నా కుట్లలో గూడా సందు లేదు.” మూత మీది బొట్టును వేలితో తుడిచాడు. “కారిందన్నాడు, అది తప్పే. కానీ నీళ్లుండె. వాడు సూసిందే సెప్పినాడు. నేను వాని పేరు దాకా పోయినా.”

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. నాకూ తినబుద్ధి కాలేదు. ఆరేళ్ల కిందట పొడి పత్రిక ఊపుతూ అక్షరం చెదరలేదని చదివింది నేను. చదవాల్సిన కాగితాలు చదవకపోవడం, చదవక్కర్లేనివి జనం ముందర చదవడం నాకు ఆనాడే అలవాటన్న మాట.

తిమ్మక్క సంగతంతా విని, సాబ్ బొంత నిర్దోషి అని మధ్యాహ్నానికల్లా ఊరికి చాటింది. ఉస్మాన్ సాబ్ వినిపించుకోలేదు. షెడ్డులో కూర్చుని ముందు గుడారం కిటికీల మీద తానేసిన అతుకులు ఒక్కొక్క కుట్టూ విప్పాడు. తర్వాత నిచ్చెన వేసుకుని దూలం మీది పట్ట దించాడు. ఆరేళ్ల దుమ్ము. దులిపి, నేల మీద పరిచి, పెద్ద కత్తెర తీసుకుని నట్టనడుమ పిడికిలి పట్టేంత కన్నం కోశాడు.

నేను షాపులోంచి పరిగెత్తుకొచ్చాను. బతుకంతా కన్నాలు మూసిన మనిషి కన్నం కొయ్యడం చూస్తే నాకు భయమేసింది. ఆయన తలెత్తలేదు. అట్లాంటివే నాలుగు కోశాడు. గుడారం కిటికీల మీద వాన పడకుండా కంపెనీవాళ్లు పెట్టిన గొడుగుల్లాంటి రెక్కలు చూసి, అదే మాదిరి ఒక్కో కన్నం పైన పట్టగుడ్డతో గొడుగు నిలబెట్టి కుట్టాడు. గాలి పోతుంది, వాన రాదు. కింద పత్రిక పరిచి, పైన నీళ్లు చిలకరించి చూశాడు. పత్రిక నాకివ్వలేదు. తానే చదువుకున్నాడు.

హర్షితకు గుడారం తిరిగివ్వబోతే ఆమె సంగతంతా విని, “ఇది కూడా తీసుకుపో తాతా. పొలంలో మంచు ఎక్కువ కదా, కిటికీలు తీస్తే ఎంత తగ్గుతాదో చూసి చెప్పు” అంది. పరీక్ష అంటే ఆయన కాదనడు.

మర్నాటి సాయంత్రం ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. పట్ట బరువుకు నా భుజం వంగిపోయింది. గుడారం మాత్రం ఆయనే మోశాడు, తేలికైనది కాబట్టి. ఎమ్మిగనూరులో ఆటో మారి పల్లెకు చేరేసరికి పొద్దు వాలుతోంది. దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్నేళ్లలో అంత ప్రశాంతమైన ప్రయాణం నేను చేయలేదు, అంత బరువైనదీ చేయలేదు.

హుసేనప్ప కళ్లంలోనే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. అతని వెనక బుడ్డల కుప్ప, దాని మీద నీలం ప్లాస్టిక్ పరదా. పరదా అంచులు నేలకు ఆనకుండా నాలుగు పక్కలా రాళ్లు పెట్టి ఎత్తి ఉన్నాయి. ఉస్మాన్ సాబ్ ఆ రాళ్ల వైపు చాలాసేపు చూశాడు.

తర్వాత పట్ట విప్పి అతని కాళ్ల ముందర పరిచాడు. హుసేనప్ప గొంతుక్కూర్చుని, గుర్తుపట్టి, ఒక కన్నంలో పిడికిలి దూర్చి పైకి చూశాడు.

“ఇది నా పట్ట గదా. మంచిది సెడగొట్టినావు కదప్పా.”

“ఆ పొద్దు సెడగొట్టినా. ఈ పొద్దు బాగుసేసినా.” ఉస్మాన్ సాబ్ గొంతు సరిచేసుకున్నాడు. “నువ్వు అబద్ధం సెప్పలేదు హుసేనప్పా. బుడ్డల ఊపిరి అది. నాకు తెలీలేదు. తెలీనోన్ని నోరు మూసుకోవాల్సింది, మూసుకోలే. తప్పు నాది.”

హుసేనప్ప వేలితో మట్టి గెలికాడు.

“నాకు మరుసటేడే తెలిసింది” అన్నాడు చివరికి. “పరదా కప్పితే దాని కిందా అంతే నీళ్లు. అప్పట్నుంచే ఈ రాళ్లు. నీ పట్ట కారలేదని అప్పుడే తెలిసింది నాకు.”

“తెలిసి ఏంటికి రాలేదప్పా? ఐదేండ్లు.”

“పేరు మార్సుకుని రావాల్నా?”

ఉస్మాన్ సాబ్ తల దించుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. నేను కుప్ప వైపు తిరిగి నాలుగు బుడ్డలు ఒలుచుకు తిన్నాను. అట్లాంటప్పుడు మూడో మనిషి చేయగలిగింది అంతే.

పట్ట కుప్ప మీద కప్పడానికి ముగ్గురం కలిశాం. ఊళ్లోంచి పోయే ఆఖరి ఆటో అప్పటికే వెళ్లిపోయింది. హుసేనప్ప ఇంట్లోంచి రొట్టె, పచ్చడి వచ్చాయి. గుడారం నిలబెట్టగానే హుసేనప్ప దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, అందులో పడుకుంటానన్నాడు. పరీక్ష తనది కాబట్టి తానూ పడుకోవాలని ఉస్మాన్ సాబ్ పట్టుబట్టాడు. ఒక్క మనిషికి కుట్టిన గుడారంలో ఇద్దరు ముసలివాళ్లు దూరారు. నాకు కుప్ప పక్కన నులకమంచం, దోమలు దక్కాయి. పైకిటికీలు తెరిచి ఉంచాలని ఉస్మాన్ సాబ్ లోపల ఉపన్యాసం ఇవ్వడం, “సలికి సస్తాం సాబూ” అంటూ హుసేనప్ప వాటిలో తువ్వాలొకటి, పంచె ఒకటి కుక్కడం నాకు వినబడ్డాయి.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. ముందు లేచి పట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. బుడ్డలు గలగలమన్నాయి. ఆ మాట చెబుదామని గుడారం దగ్గరికి పోయాను. లోపల ఇద్దరూ మేలుకునే ఉన్నారు. గుడ్డంతా నీళ్లు తేలి బరువుకు కిందికి జారుతోంది. ఒక చుక్క పడిన చప్పుడు నాకు బయటికే వినబడింది.

“సాబూ” అన్నాడు హుసేనప్ప, “కారుతాంది.”

నేను అడుగు వేయకుండా నిలబడ్డాను. ఆ మాటకు ఆరేళ్ల కిందట ఏమైందో నాకు తెలుసు. లోపల ఇంకో చుక్క పడింది.

“అవునప్పా, కారుతాంది” అన్నాడు ఉస్మాన్ సాబ్. “సగం నీది, సగం నాది.”